జబ్బుకు బీమా ఉంది, మూసిన సరిహద్దుకు లేదు

2020 మార్చిలో విమానాలు ఒక్కొక్కటిగా నేలమీద నిలిచిపోయినప్పుడు, అప్పటికే ప్రయాణ బీమా కొనుక్కుని ధైర్యంగా ఉన్నవాళ్లకు చాలా దేశాల్లో దాదాపు ఒకే జవాబు వచ్చింది. మహమ్మారి మా పాలసీలో మినహాయింపు అని కొన్ని కంపెనీలు అన్నాయి. మీరు పాలసీ కొనేనాటికే ఈ ముప్పు లోకానికి తెలుసు కాబట్టి వర్తించదని మరికొన్ని అన్నాయి. ప్రభుత్వం విమానాలు ఆపేస్తే అది మీ జబ్బు కాదుగా అన్నవీ ఉన్నాయి. ప్రీమియం తీసుకునేటప్పుడు లేని మడతపేచీలు డబ్బివ్వాల్సి వచ్చేసరికి పుట్టుకొచ్చాయని జనానికి కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయముంది. అయితే అందులో ఒక పొరపాటు అవగాహన కూడా ఉంది. దాన్ని సరిచేసుకోకపోతే ఇంకో మహమ్మారి వచ్చినప్పుడు మళ్లీ అక్కడే దెబ్బతింటాం. మహమ్మారి కాలంలో ప్రయాణికుడికి ఎదురయ్యే నష్టాలు రెండు రకాలు. ఒకటి, దారిలోనో పరాయి దేశంలోనో జబ్బు చేసి ఆసుపత్రి పాలవడం. రెండు, సరిహద్దులు మూసేయడం వల్ల అసలు ప్రయాణమే ఆగిపోయి టికెట్ డబ్బు, హోటల్ డబ్బు పోవడం. మొదటిదాన్ని బీమా బాగా మోయగలదు, మోసింది కూడా. రెండోదాన్ని మోయడం మామూలు ప్రయాణ పాలసీ వల్ల కాదు. దానికి విమానయాన చట్టం, కోర్టులు, కొనేటప్పుడే కుదుర్చుకునే టికెట్ షరతులు కావాలి. ఈ రెండింటినీ ఒకే పాలసీలో వెతకడం వల్లే చాలామంది నష్టపోయారు.

బీమా ఎలా నడుస్తుందో చూస్తే ఈ తేడా ఎందుకో అర్థమవుతుంది. లక్షమంది తలా కొంత కడతారు, వాళ్లలో ఏ కొద్దిమందికో ఆపద వస్తుంది, అందరి డబ్బులోంచి ఆ కొద్దిమందికి ఇస్తారు. ఒకరి ఆపదకూ మరొకరి ఆపదకూ సంబంధం ఉండకూడదన్నది దీని పునాది. డల్లాస్‌లో ఒకాయనకు గుండెనొప్పి వచ్చిందని సింగపూర్‌లో ఇంకొకరి కాలు విరగదు. కానీ 2020 మార్చి 22 తర్వాత భారత్‌కు అంతర్జాతీయ విమానాలు ఆగిపోయినప్పుడు నష్టం ఒకరిద్దరికి కాదు, టికెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకేరోజు వచ్చింది. చిట్టీలో ఉన్న సభ్యులందరూ ఒకే నెలలో మొత్తం చిట్టీ డబ్బు కావాలంటే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. 2003లో సార్స్ అంటువ్యాధి వచ్చినప్పుడే కంపెనీలకు ఈ సంగతి తెలిసొచ్చింది. ఆ తర్వాతే చాలా పాలసీల్లోకి అంటువ్యాధి మినహాయింపు చేరింది. అంటే 2020లో అకస్మాత్తుగా బయటపడినట్టు అనిపించిన ఆ వాక్యం పదిహేడేళ్లుగా పాలసీ కాగితాల్లోనే ఉంది. కొనేవాళ్లు చదవలేదు, అమ్మేవాళ్లు చెప్పలేదు.

ఇక తేదీ సంగతి. ప్రయాణ పాలసీలో ప్రయాణించే తేదీ కంటే కొన్న తేదీకే బరువెక్కువ. చైనాలో వూహాన్ నగరాన్ని దిగ్బంధించింది 2020 జనవరి 23న. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది జనవరి 30న. కేరళలో మనదేశపు మొదటి కేసు బయటపడిందీ అదే రోజు. ఆ సంస్థ దీన్ని మహమ్మారి అన్నది మార్చి 11న. చాలా కంపెనీలు మార్చి వరకు ఆగలేదు, జనవరి చివరి రోజుల్లోనే ఒక తేదీ పెట్టుకుని, ఆనాటి నుంచి కరోనా తెలిసిన సంఘటన అని తేల్చేశాయి. ఇద్దరు ప్రయాణికులను ఊహించుకుందాం. ఇద్దరూ మే నెలకు ఒకే విమానంలో టికెట్లు తీసుకున్నారు, ఒకే కంపెనీ పాలసీ కొన్నారు. ఒకరు జనవరి 10న కొన్నారు, ఇంకొకరు ఫిబ్రవరి 10న. పాలసీలో మహమ్మారి మినహాయింపు లేకపోతే మొదటివారికి క్లెయిమ్ అడిగే దారి ఉంది, రెండోవారికి అదీ లేదు. వినడానికి ఇది అన్యాయంగా తోచినా బీమాలో దీనికి కారణముంది. ఇల్లు తగలబడుతుండగా అగ్నిప్రమాద పాలసీ అమ్మితే, అప్పటివరకు ప్రీమియం కట్టినవాళ్ల డబ్బు దానికే పోతుంది. అసలు అన్యాయం తేదీ పెట్టడంలో లేదు. ఆ తేదీని కొనేవాళ్లకు చెప్పకుండా ఫిబ్రవరిలో కూడా అదే పాలసీని అదే మాటలతో అమ్మడంలో ఉంది. ఈ ఒక్క విషయంలో ప్రయాణికుల ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు నిజం.

మూసిన సరిహద్దుకు బీమా కుదరదన్న వాదనకు గట్టి ఆక్షేపణ ఒకటుంది. మహమ్మారికి బీమా కుదరదన్నది కంపెనీలు చెప్పే సాకు మాత్రమే, వింబుల్డన్‌కు ఎలా కుదిరింది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. లండన్‌లో ఆ టెన్నిస్ పోటీలు నిర్వహించే క్లబ్బు సార్స్ తర్వాత మహమ్మారి కవర్ ఉన్న పాలసీ తీసుకుంది. ఏటా సుమారు 15 లక్షల పౌండ్ల చొప్పున పదిహేడేళ్లు కట్టిందనీ, 2020 పోటీలు రద్దయ్యాక 11 కోట్ల పౌండ్లకు పైగా వచ్చిందనీ పత్రికల్లో విస్తృతంగా వచ్చింది. మహమ్మారికి ధర కట్టవచ్చనడానికి ఇది సాక్ష్యమే. అయితే ఇది ఒక సంస్థ, ఒక చోట, ఏడాదికి ఒకసారి జరిపే కార్యక్రమానికి విడిగా రాసుకున్న ఒప్పందం. ఆపద రాని ఏళ్లలో కూడా పెద్ద మొత్తం కడుతూ పోయే ఓపిక, తాహతు ఆ క్లబ్బుకు ఉన్నాయి. పదిహేను రోజుల సింగపూర్ ప్రయాణానికి వెయ్యో రెండువేలో ప్రీమియం కట్టే మనిషి, పదిహేడేళ్లకోసారి వచ్చే ఆపద కోసం ప్రతిసారీ దానికి రెట్టింపు కట్టడు. చవకైన పాలసీ వైపే పోతాడు. కంపెనీలు కూడా చవకైనదే అమ్ముతాయి. కాబట్టి వింబుల్డన్ ఉదాహరణ వల్ల తేలేదేమంటే, మహమ్మారి మూతకు బీమా అసాధ్యమని కాదు, దాన్ని చిల్లరగా అమ్మడం సాధ్యం కాదని.

అమెరికాలో కారణం చెప్పకుండా రద్దు చేసుకునే సౌకర్యంతో పాలసీలు దొరుకుతాయి. అవి ఉండగా సరిహద్దు మూతకు బీమా లేదనడమేమిటని ఇంకొందరు అడుగుతారు. 2020 మార్చి 6న న్యూయార్క్ రాష్ట్ర ఆర్థిక సేవల విభాగం వీటిని తమ రాష్ట్రంలో కూడా అమ్మవచ్చని అనుమతించింది. భయం వేసినా, బుద్ధి పుట్టకపోయినా ప్రయాణం మానుకుని కొంత డబ్బు తిరిగి తీసుకోవచ్చు. అయితే సాధారణంగా వచ్చేది ఖర్చులో సగం నుంచి ముప్పావు వంతు మాత్రమే. మొదటి చెల్లింపు చేసిన రెండు మూడు వారాల్లోపే కొనాలి, బయల్దేరడానికి రెండు రోజుల ముందే రద్దు చేసుకోవాలి, మామూలు పాలసీ కంటే దాదాపు సగం ఎక్కువ కట్టాలి. అమెరికాలో ఉంటూ ఏడాదికోసారి ఇండియా వచ్చే తెలుగు కుటుంబానికి, నలుగురి టికెట్లు కలిపి పెద్ద మొత్తమైనప్పుడు, ఇది ఆలోచించదగ్గదే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని పాలసీ కొనేవారికి మాత్రం ఇది అక్కరకొచ్చే దారి కాదు.

జబ్బు విషయానికొస్తే కథ పూర్తిగా వేరు. మొదట్లో బెదిరిన కంపెనీలే కొన్ని నెలల్లో తేరుకున్నాయి. ఎందుకంటే కరోనా కూడా చివరికి ఆసుపత్రి బిల్లే. వందమంది ప్రయాణికుల్లో ఎందరికి సోకుతుంది, ఎందరు చేరాల్సి వస్తుంది, ఎంతవుతుంది అన్నవి లెక్కకు అందే సంగతులు. 2020 జూలై 23న ఎమిరేట్స్ విమాన సంస్థ తన ప్రయాణికులకు ఉచితంగా కరోనా కవర్ ప్రకటించింది. లక్షా 50 వేల యూరోల వరకు వైద్య ఖర్చు, క్వారంటైన్‌కు రోజుకు 100 యూరోల చొప్పున 14 రోజులు, మొదటి విమానం ఎక్కిన నాటి నుంచి 31 రోజుల గడువు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా పనులకు వెళ్లేవాళ్లకు, యూరప్, అమెరికా వెళ్లేవాళ్లకు ఇది నేరుగా సంబంధించిన మాట. ఆగస్టులో స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులు ఒక బీమా కంపెనీతో ఒప్పందం చేసుకుని తమ దగ్గరికొచ్చే పర్యాటకులకు వైద్యం, క్వారంటైన్ ఖర్చు భరిస్తామన్నాయి. థాయ్‌లాండ్ మొదట్లో లక్ష డాలర్ల కరోనా కవర్ ఉంటేనే రానిచ్చింది. 2021 నవంబరుకు దాన్ని 50 వేలకు, 2022 మేలో 10 వేలకు దించి, జూలై 1 నుంచి ఆ షరతే ఎత్తేసింది. ముప్పు అర్థమయ్యే కొద్దీ ధర, షరతు ఎలా దిగొస్తాయో ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. మనదేశంలోనూ 2020 జూలైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశంతో కరోనా కవచ్ పేరిట ఒకే రకమైన ఆరోగ్య పాలసీని అన్ని సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలూ అమ్మాయి. బీమా చేతగానిది కాదు, తన పని ఏదో దానికి తెలిసినప్పుడు బాగానే చేసింది.

ఈ జబ్బు కవర్ మన ఇళ్లలో ఎక్కువగా కావలసింది ఎవరికంటే, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు. కూతురి పురుటికో, మనవడిని చూసుకోవడానికో వెళ్లేవాళ్లు సాధారణంగా అరవై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, వెళితే ఐదారు నెలలు ఉండేవాళ్లు. బీమా కంపెనీ దృష్టిలో ఇంతకంటే బరువైన ప్రయాణికుడు లేడు. వీళ్ల కోసం దొరికే పాలసీలు రెండు తెగలు. ఒకదానిలో ప్రతి ఖర్చుకూ ఒక గరిష్ఠ మొత్తం రాసి ఉంటుంది, ఐసీయూకు రోజుకింత, సర్జన్‌కు ఇంత, అంబులెన్సుకు ఇంత అని. పాలసీ ముఖం మీద 50 వేల డాలర్లు అని కనిపించినా, ఐసీయూలో అయిదు రోజులుంటే ఆ పట్టిక ప్రకారం చేతికొచ్చేది అసలు బిల్లులో చిన్న ముక్క. రెండో తెగలో డిడక్టబుల్, అంటే మొదట మనమే భరించాల్సిన మొత్తం, పోగా మిగిలిన బిల్లులో ఎక్కువ భాగాన్ని పాలసీ పరిమితి దాకా కంపెనీ కడుతుంది, ప్రీమియం మాత్రం ఎక్కువ. ఇండియాలో కొనే పాలసీల్లోనూ అరవై దాటినవారికి ఇలాంటి ఉప పరిమితులు చాలావాటిలో ఉంటాయి. మొదటి తెగ చవకగా ఉందని కొని, మొత్తం అంకె చూసి నిశ్చింతగా ఉండటం ప్రమాదకరం. పాతజబ్బుల సంగతి ఇంకా సున్నితం. అంతకుముందు నుంచి ఉన్న బీపీ వల్ల హఠాత్తుగా ప్రాణం మీదికొస్తే కొంతవరకు ఇస్తామనే పాలసీలు ఉన్నాయి గానీ, ఆ ఇచ్చేదానికి వయసును బట్టి కోత ఉంటుంది. మహమ్మారి కాలంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే కరోనా తీవ్రంగా దెబ్బతీసింది ఇలా షుగరూ బీపీ ఉన్న పెద్దలనే. షుగర్ ఉన్న మనిషికి కరోనా వస్తే దాన్ని కొత్త జబ్బు కింద చూస్తారా, పాతజబ్బు ముదరడం కింద చూస్తారా అన్నది కొనే ముందే కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకుని దాచుకోవాల్సిన ప్రశ్న. ఫోనులో ఏజెంటు ఇచ్చిన భరోసాకు క్లెయిమ్ నాడు విలువ ఉండదు.

ఇప్పుడు టికెట్ డబ్బు. దీని కోసం పోరాడింది, గెలిచింది బీమా కాదు, చట్టం. అమెరికా రవాణా శాఖ 2020 ఏప్రిల్ 3న విమాన సంస్థలకు హెచ్చరిక పంపింది, మీరు విమానం రద్దు చేస్తే కారణం మహమ్మారి అయినా ప్రభుత్వ ఆంక్ష అయినా డబ్బు తిరిగివ్వాల్సిందే అని. యూరప్‌లో 2004 నాటి ప్రయాణికుల హక్కుల నిబంధన ప్రకారం రద్దయిన విమానానికి ఏడు రోజుల్లో డబ్బు వాపసు రావాలి. వోచరు తీసుకోమని బలవంతం చేయరాదని యూరోపియన్ కమిషన్ ఆ వసంతంలోనే గుర్తుచేసింది. మనదేశంలో ప్రవాసీ లీగల్ సెల్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పు ప్రయాణికులకు బాగా ఉపయోగపడింది. లాక్‌డౌన్ కాలంలో, ఆ కాలపు ప్రయాణానికే కొన్న టికెట్ల డబ్బు వెంటనే పూర్తిగా ఇవ్వమంది. లాక్‌డౌన్‌కు ముందు, మే 24 లోపు ప్రయాణానికి కొన్న టికెట్లకు 15 రోజుల్లో వాపసు ఇవ్వాలి, ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న సంస్థ 2021 మార్చి 31 వరకు చెల్లే క్రెడిట్ షెల్, అంటే మరో టికెట్‌కు వాడుకోగల జమ, ఇవ్వవచ్చు. ఆ క్రెడిట్‌ను వేరే మనిషికి బదిలీ చేయవచ్చు. దాని విలువ జూన్ నెలాఖరు వరకు నెలకు అర శాతం, ఆ తర్వాత నెలకు ముప్పావు శాతం పెరగాలి. గడువులోగా వాడుకోకపోతే డబ్బు తిరిగివ్వాలి. ఏ ప్రయాణ పాలసీ కూడా ఆ రోజుల్లో లక్షలాది టికెట్లకు ఇంత స్పష్టంగా న్యాయం చేయలేదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ రక్షణ అంతా సంస్థ విమానం రద్దు చేసినప్పుడే. విమానం నడుస్తుండగా మీరే భయపడి మానుకుంటే టికెట్ కొన్ననాటి షరతులే వర్తిస్తాయి. అందుకే అంటువ్యాధి వార్తలు వినిపిస్తున్న కాలంలో తేదీ మార్చుకునే వీలున్న టికెట్‌కు రెండు మూడు వేలు అదనంగా కట్టడం, ఆ డబ్బును ఎక్కువ కవర్ ఉన్న పాలసీకి పెట్టడం కంటే మేలు. విమానం రద్దు కాబోతోందని వినగానే తొందరపడి తామే రద్దు చేసుకున్నవాళ్లు వాపసు హక్కు పోగొట్టుకోవచ్చు. సంస్థ రద్దు చేసేదాకా ఆగడమే ఇక్కడ తెలివైన పని.

వయసులో ఉన్నవాళ్లకు, దేశంలోపలే తిరిగేవాళ్లకు ఈ గొడవంతా ఎందుకన్న మాట కూడా వినిపిస్తుంది. రైలు టికెట్ తీసేటప్పుడు ఐఆర్‌సీటీసీలో రూపాయి కూడా కాని ప్రీమియంతో వచ్చే బీమా చాలామంది టిక్ పెట్టేసి వదిలేస్తారు. అది ప్రమాదానికి మాత్రమే, చనిపోతే 10 లక్షలు, గాయపడి ఆసుపత్రిలో చేరితే 2 లక్షల వరకు. జ్వరానికి, అంటువ్యాధికి, రద్దయిన యాత్రకు దానితో సంబంధం లేదు. దేశంలోపల జబ్బు చేస్తే ఇంట్లో ఉన్న ఆరోగ్య పాలసీయే చాలు. 2020 మార్చి మొదటి వారంలోనే ఐఆర్‌డీఏఐ కరోనా చికిత్సను ఆ పాలసీల కింద చూడాలని కంపెనీలకు చెప్పింది. కాబట్టి కాశీకో, చార్‌ధామ్‌కో వెళ్లేవాళ్లు విడిగా ప్రయాణ పాలసీ కోసం తాపత్రయపడనక్కర్లేదు, టూర్ ఆపరేటర్ దగ్గర కట్టే అడ్వాన్సు వాపసు షరతులను రాయించుకుంటే చాలు. విదేశానికి వెళ్లే యువకుడి పరిస్థితి మాత్రం వేరు. ఆరోగ్యంగా ఉండటం వల్ల జబ్బు పడే అవకాశం తగ్గుతుందేమో గానీ, పడితే వచ్చే బిల్లు తగ్గదు. యూరప్ దేశాల షెన్‌జెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య కవర్ తప్పనిసరి చేయడం వెనక ఉన్న ఆలోచన ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తేసింది. కానీ 2024 ఆగస్టు 14న ఎంపాక్స్ వ్యాధి విషయంలో మళ్లీ అలాంటి ప్రకటనే చేసింది. మహమ్మారి అన్న మాట వాడకుండానే అత్యవసర పరిస్థితి రావచ్చన్నమాట. అందువల్ల పాలసీలో మినహాయింపు ఏ మాటతో మొదలవుతుందో చూడాలి, ప్రకటించిన మహమ్మారికి మాత్రమేనా, ఏ అంటువ్యాధికైనా వర్తిస్తుందా అన్నది. వెళ్లే దేశానికి ప్రయాణం వద్దని ప్రభుత్వం సలహా ఇస్తే పాలసీ చెల్లుతుందా లేదా అన్నది మరొకటి. బ్రిటన్ విదేశాంగ శాఖ 2020 మార్చి 17న అత్యవసరం కాని విదేశీ ప్రయాణాలన్నీ వద్దన్నాక, ఆ మాట కాదని బయల్దేరినవాళ్ల మామూలు పాలసీలు చాలావరకు చెల్లకుండా పోయాయి. క్వారంటైన్‌లో హోటల్ ఖర్చు ఇస్తారా అన్నది మూడోది. ఆసుపత్రిలో చేరకుండా పాజిటివ్ వచ్చి గదిలో ఉండిపోయినవాళ్లకు చాలా పాలసీలు పైసా ఇవ్వవు. కంపెనీ క్లెయిమ్ కాదంటే మొదట దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇంత భారం కొనేవాళ్ల మీదే వేయడం న్యాయమా అంటే, కాదు. పదుల పేజీల పాలసీని చదివి మూడు వాక్యాలు వెతుక్కోమనడం, ముఖ్యంగా ఇంగ్లీషు రాని పెద్దలకు, సరైన పద్ధతి కాదు. ఆరోగ్య పాలసీలకు 2024 జనవరి 1 నుంచి ముఖ్యాంశాలను సులభంగా చెప్పే సమాచార పత్రం ఇవ్వాలనీ, పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలనీ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. విదేశీ ప్రయాణ పాలసీలకూ అలాంటి తెలుగు పత్రం ఉండాలి. అందులో అంటువ్యాధి మినహాయింపు ఉందో లేదో మొదటి పేజీలో ఉండాలి. ఏదైనా ముప్పును తెలిసిన సంఘటనగా కంపెనీ ఏ రోజు తేల్చిందో ఆ రోజే బహిరంగంగా ప్రకటించాలి, ఆ తర్వాత అమ్మే ప్రతి పాలసీ మీద ఆ సంగతి అచ్చు వేయాలి. వీటికి ప్రీమియం పెంచాల్సిన పని లేదు. ఇంకొకటి మరీ అవసరం. 2020లో బి-2 సందర్శక వీసా మీద అమెరికా వెళ్లి ఆరు నెలల గడువు తీరుతుంటే తిరిగొచ్చే విమానం లేక, ఒక పక్క ఐ-539 ఫారంతో అక్కడ ఉండే గడువు పొడిగింపు కోసం, మరో పక్క బీమా పొడిగింపు కోసం తంటాలు పడ్డ పెద్దలు ఉన్నారు. ఇండియాలో కొన్న చాలా పాలసీల గరిష్ఠ గడువు 180 రోజులే, పొడిగింపును గడువు తీరకముందే అడగాలి, ఆరోగ్యం బాగుందని రాసివ్వాలి. స్వదేశం తన సరిహద్దు మూసుకుంటే, విదేశంలో చిక్కుకున్న పాలసీదారు మళ్లీ విమానం దొరికే రోజు వరకు అదే రోజువారీ ప్రీమియం కట్టి, కొత్త వైద్య ప్రశ్నలు లేకుండా, అదే పాలసీలో కొనసాగే హక్కు ప్రతి విదేశీ ప్రయాణ పాలసీలో రాసి ఉండాలి. దీన్ని తప్పనిసరి చేయగల సంస్థ ఐఆర్‌డీఏఐ ఢిల్లీలోనో లండన్‌లోనో లేదు, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది. ఈ ఊరి విమానాశ్రయం నుంచి ఏటా అమెరికా, గల్ఫ్ వెళ్లే పెద్దల తరఫున ఆ కోరికను అక్కడ గట్టిగా వినిపించాల్సింది ప్రవాసీ సంఘాలు, వినియోగదారుల సంఘాలు.